బూడిదవ్వ నాలుగు గులకరాళ్ళు

ఇప్పలకోన అడవిలో చిట్టేరు అనే వాగు పారేది. వాగుకు ఇవతల మెట్ట, అవతల పల్లం. పల్లంలో కుందేళ్ళు, ముంగిసలు, చుక్కల దుప్పులు ఉండేవి. మెట్ట మీద బూడిదవ్వ అనే ముసలి కొండముచ్చు, పర్వతం అనే బరువులు లాగే గుర్రం ఉండేవి. వాగు ఒడ్డున రాళ్ళ సందులో ఒక ఎండ్రకాయ కాపురం ఉండేది. పేర్లన్నీ ముందే చెప్పేశాను. మధ్యలో నాకు ఏదైనా జారిపోతే మీరే అందించాలి.

పర్వతం తల్లి ఒకప్పుడు ఆ అడవిలో కలప బండి లాగేది. వాళ్ళది ఎక్కడో చలిదేశపు జాతి. మోకాళ్ళ కింద నుంచి గిట్టల దాకా తెల్లని పొడుగాటి వెంట్రుకలు కుచ్చుల్లా వేలాడేవి. కొన్నాళ్ళకు బండ్లు ఆగిపోయాయి. బండి తోలే ముసలాయన రావడం మానేశాడు. తల్లి పోయింది. పర్వతం అడవిలోనే ఉండిపోయింది.

దానికి ఏటా ఒక పెద్ద పని ఉండేది. వానలు ముదరక ముందే కూలిన చెట్టు దుంగను లాక్కొచ్చి వాగు మీద అడ్డంగా వేయాలి. వాగు పొంగితే పల్లం మునుగుతుంది. అక్కడి జీవులన్నీ ఆ దుంగ మీదుగానే మెట్టకు చేరాలి. చివరికి వరదలో ఆ దుంగా కొట్టుకుపోతుంది. మళ్ళీ ఏడాదికి మళ్ళీ కొత్త దుంగ.

రోజూ పొద్దున్నే బూడిదవ్వ పర్వతం కాళ్ళ దగ్గర కూర్చునేది. నాలుగు గులకరాళ్ళు ఒక పక్కన పెట్టుకునేది. ఒక కాలి కుచ్చులు సవరించడం పూర్తవగానే ఒక రాయి రెండో పక్కకు జరిపేది.

"రాళ్ళెందుకవ్వా?"

"ఏ కాలు అయిందో మరిచిపోతున్నాను నాయనా. రాయికైతే మతిమరుపు లేదు."

వేళ్ళతో చిక్కులు తీసేది. పల్లేరుకాయలు ఏరేది. పంటితో చివర్లు కొరికేది. చేతులు పనిచేస్తుంటే నోరు ఒకే పాఠం వల్లించేది.

"నేలకు ఈడ్చేది కొరికేయాలి. మడమ వెనకది వదిలేయాలి, వాన నీళ్ళు దాని మీద నుంచే జారిపోతాయి. తడిస్తే వడ్రంగిపిట్ట రాల్చిన చెక్కపొట్టు అద్దాలి. పగిలితే కానుగ నూనె రాయాలి. ముందు ఆరాలి, ఆ తర్వాతే నూనె."

ఆ మాటలు ముసలాయనవి. ఆయన తల్లిగుర్రం కాళ్ళు దువ్వుతూ ఈ మాటలే గొణుక్కునేవాడు. అప్పుడు పడుచుదైన బూడిదవ్వ కొమ్మ మీద కూర్చుని వినేది. ఆ పొద్దుటి ఎండ, కోసిన కలప వాసన, మెడగంటల చప్పుడు ఇప్పుడు ఆ మాటల్లోనే మిగిలాయి.

ఒక ఎండాకాలం చివర్లో నీళ్ళు తాగడానికి వచ్చిన దుప్పి పర్వతాన్ని ఎగాదిగా చూసింది.

"కాళ్ళకు ఆ చీపుర్లు ఏమిటి బావా? అడవంతా ఊడుస్తున్నావా?"

కుందేళ్ళు పకపకా నవ్వాయి. పర్వతం దుప్పి సన్నని కాళ్ళ వైపు చూసింది. తన కాళ్ళ వైపు చూసుకుంది. దానికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు బూడిదవ్వ రాళ్ళు సర్దుకుని, "నేలకు ఈడ్చేది..." అని మొదలుపెట్టింది.

"ఆపవ్వా! నిన్న చెప్పావు, మొన్న చెప్పావు. నీకు ఇంకో మాటే రాదు. రాళ్ళు చూసుకుంటే గానీ కాళ్ళు లెక్కపెట్టలేవు. నువ్వా నాకు చెప్పేది?"

అవ్వ నాలుగు రాళ్ళూ గుప్పిట్లో పట్టుకుని చెట్టెక్కిపోయింది.

పర్వతం నేరుగా ఎండ్రకాయ దగ్గరికి వెళ్ళింది. "ఎండ్రన్నా, నా కాళ్ళు దుప్పి కాళ్ళలా కావాలి."

"ఎంత వరకు తీయమంటావు?"

"మొత్తం!"

ఎండ్రకాయ కొండీలు టకటకలాడాయి. పొద్దు వాలేసరికి తెల్లని వెంట్రుకలన్నీ వాగులో కొట్టుకుపోయాయి. పర్వతం నీళ్ళలో తన నీడ చూసుకుని మురిసిపోయింది.

ఆ ఏడు వానలు తొందరపడ్డాయి. మొదటి జల్లుకే అడవి బురద అయింది. నీళ్ళు బోడి మడమల వెనక నిలిచాయి. తడి చర్మానికి బురద పట్టింది. మూడో నాటికి చర్మం పగిలి నెత్తురు కారింది. పర్వతం అడుగు తీసి అడుగు వేయలేకపోయింది.

వాగు ఒక్కో జానా పెరుగుతోంది. అవతలి గట్టు నుంచి తల్లి కుందేలు కేక వేసింది. "పర్వతం మామా! పిల్లలు ఈదలేరు. దుంగ ఎప్పుడు వేస్తావు?"

పర్వతం తలవంచుకుని ఎండ్రకాయను పిలిచింది. "ఎండ్రన్నా, ఏదైనా మందు చెప్పు."

"నాకు కోయడమే వచ్చు తమ్ముడూ. అతికించడం రాదు" అని ఎండ్రకాయ సందులోకి దూరిపోయింది.

పర్వతం కుంటుకుంటూ బూడిదవ్వ చెట్టు కిందికి వెళ్ళింది. అవ్వ దిగొచ్చి దాన్ని తేరిపార చూసింది.

"ఎవరు నాయనా నువ్వు?"

 అవ్వ పర్వతాన్ని ఎప్పుడూ కాళ్ళను బట్టే గుర్తుపట్టేది. ఇప్పుడు ఆ కాళ్ళకు కుచ్చులు లేవు.

"నేనవ్వా, పర్వతాన్ని."

అవ్వ కూర్చుని మడమల మీద చెయ్యి వేసింది. వేళ్ళు పగుళ్ళను తడిమాయి. "అయ్యో, నా బిడ్డే! దీనికో మందుంది. ఏదో గింజల నూనె... వేపదా? ఇప్పదా? ముందు ఏదో చెయ్యాలి. ముసలాయన చెప్పేవాడు... నాలుక చివర ఉంది, రావడం లేదు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పోయింది నాయనా. ఆ మాట పోయింది."

 పర్వతం కళ్ళు మూసుకుంది. దాని నోటి నుంచి మాటలు వాటంతటవే వచ్చాయి.

"తడిస్తే వడ్రంగిపిట్ట రాల్చిన చెక్కపొట్టు అద్దాలి. పగిలితే కానుగ నూనె రాయాలి. ముందు ఆరాలి, ఆ తర్వాతే నూనె."

"అదే! అదే!" అంటూ అవ్వ చప్పట్లు కొట్టింది.

రాతి గుహలో పర్వతం నాలుగు రోజులు పొడి నేల మీద నిలబడింది. అవ్వ చెక్కపొట్టు అద్ది తడి లాగేసింది. కానుగ గింజలు నూరి నూనె పట్టించింది. నాలుగో రోజుకు నెత్తురు ఆగింది. నొప్పి మాత్రం ఆగలేదు.

ఐదో రోజు వాగు గట్టుకు జానెడు దూరంలోకి వచ్చింది. అవ్వ తాడులా గట్టిగా ఉండే అడ్డతీగను పర్వతం రొమ్ముకు, దుంగకు కట్టింది. పర్వతం పళ్ళు బిగించి లాగింది. వాగులో దిగి అవతలి గట్టు ఎక్కింది. దుంగ వెనకే వచ్చి రెండు గట్లకూ ఆనింది.

కుందేలు పిల్లలు దాటాయి. ముంగిసలు దాటాయి. చివరికి దుప్పులు వచ్చాయి.

"నెమ్మది మరదలా. నీ సన్నకాళ్ళు జాగ్రత్త, దుంగ జారుతుంది" అంది పర్వతం. చీపుర్లని వెక్కిరించిన దుప్పి తల దించుకునే దాటింది.

అందరూ బతికారు. కానీ ఆలస్యం వల్ల కుందేళ్ళు దాచుకున్న గడ్డలన్నీ నీటిపాలయ్యాయి. పర్వతం కాళ్ళకు కుచ్చులు మళ్ళీ రావడానికి రెండు వానాకాలాలు పట్టింది. అంతవరకు ప్రతి జల్లుకూ మడమలు మండుతూనే ఉండేవి.

అప్పటికి బూడిదవ్వకు ఏ మాటా నిలవడం లేదు. రోజూ పొద్దున్నే పర్వతమే నాలుగు గులకరాళ్ళు నోట కరుచుకొచ్చి ఆమె ముందు పెట్టేది. "నేలకు ఈడ్చేది కొరికేయాలి. మడమ వెనకది వదిలేయాలి" అని మొదలుపెట్టేది. ఆ మాటలు చెవిన పడగానే అవ్వ వేళ్ళు కదిలేవి.

"ఎంత చక్కగా చెప్పావు! ఎవరు నేర్పారు నీకు?" అనేది అవ్వ ప్రతిరోజూ.

"మా అవ్వ" అనేది పర్వతం, ప్రతిరోజూ, విసుగు లేకుండా.

నీతి: పెద్దలు ఒకే మాట పదిసార్లు చెబితే విసుక్కోకండి. వాళ్ళు మరిచిపోయిన రోజున ఆ మాట మీ దగ్గరే దొరకాలి.