శశికిరణ్ చెరిపేసిన వలయం

విజయవాడ వన్‌టౌన్‌లో శశికిరణ్ అనే కుర్రాడు ఉండేవాడు. తెలివైనవాడే కానీ, "తెలియదు" అనే మాట అతని నోట వచ్చేది కాదు. దారినపోయేవాళ్లు ఫలానా వీధి ఎక్కడని అడిగితే, తెలియకపోయినా ఏదో ఒక వైపు చెయ్యి చూపించి పంపేసేవాడు. చెడ్డబుద్ధితో కాదు. అడిగినవాళ్లని ఉత్తచేతులతో పంపడం మర్యాద కాదనుకునేవాడు. పాపం, వాళ్లు ఆ ఎండలో ఎంత తిరిగేవారో అతనికి తెలిసేది కాదు.

మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లు ఇల్లు దాటిపోతే వెతకడానికి అతను ఒక యాప్ తయారుచేస్తున్నాడు. పెద్దాయన జేబులో ఫోన్ ఉంటే చాలు, ఆయన ఎక్కడున్నారో ఇంట్లోవాళ్ల ఫోన్‌లో మ్యాప్ మీద కనిపిస్తుంది. విశాలమైన రోడ్ల మీద జీపీఎస్ చక్కగా పనిచేసింది. కొండ పక్కన, మేడల మధ్య ఇరుకు సందుల్లోకి వచ్చేసరికి తికమకపడింది. "ఇందులో ఎక్కడో ఉన్నారు" అన్నట్టు మ్యాప్ మీద పెద్ద నీలి వలయం గీసేది. శశికిరణ్ నెలల తరబడి తంటాలు పడ్డాడు. వలయం చిన్నది కాలేదు. చివరికి విసుగొచ్చి ఆ వలయాన్నే చెరిపేసి, నడుమ ఒక ఎర్రచుక్క పెట్టాడు.

అతనితో కలిసి పనిచేసే సువార్త ఒప్పుకోలేదు. "వలయం ఉండనీ శశీ. మనకి తెలిసింది అంతే కదా," అంది.

"అంత పెద్ద వలయం చూస్తే మన యాప్‌కి ఏమీ తెలియదనుకుంటారు," అన్నాడు.

యాప్‌ని మొదట వాడింది ఎదురింటి త్రిపురసుందరమ్మ గారు. ఆమె భర్త వీరభద్రం గారికి మతిమరుపు, దానికి తోడు షుగరు. ఒక మధ్యాహ్నం ఆమె ఇన్సులిన్ ఇచ్చి అన్నం వడ్డిస్తుండగానే ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయారు. సూది వేసుకున్నాక తినకపోతే ఒంట్లో చక్కెర మరీ తగ్గిపోయి కళ్లు తిరిగి పడిపోతారు. ప్రాణానికే ముప్పు. ఆమె ఫోన్ పట్టుకుని పరుగెత్తింది. ఎర్రచుక్క కూరగాయల మార్కెట్ గేటు దగ్గర ఆగి ఉంది.

సంగతి తెలిసి శశికిరణ్ వెళ్లేసరికి ఆమె గేటు దగ్గరే నిలబడి వచ్చేపోయే ప్రతి మొహంలోకీ చూస్తోంది. యాప్‌ని ఆమె అనుమానించనే లేదు.

"ఇక్కడే ఉన్నారంటోంది బాబూ. నా కళ్లకే ఆనడం లేదు," అంది.

ఆమె తిట్టినా బాగుండేదనుకున్నాడు శశికిరణ్. తల వంచుకుని, జీవితంలో మొదటిసారి ఆ మాట అన్నాడు.

"ఆయన ఎక్కడున్నారో నాకు తెలియదండీ. ఈ చుట్టుపక్కల సందుల్లో ఎక్కడో ఉన్నారు."

అది విన్న కూరగాయలవాళ్లు తక్కెళ్లు పక్కన పెట్టి లేచారు. ఆయన ఆనవాళ్లు అడిగి తెలుసుకుని తలా ఒక సందులోకి వెళ్లారు. వెనక సందులో, మూసి ఉన్న కొట్టు మెట్ల మీద, చెమటలు కక్కుతూ కూర్చున్న వీరభద్రం గారు దొరికారు. ఎవరో పరుగున వెళ్లి చెరుకురసం తెచ్చి తాగించారు. కాసేపటికి ఆయన తేరుకుని భార్యని చూసి, "అన్నం వడ్డించావా?" అన్నారు. ఆమె నవ్వుతూనే ఏడ్చేసింది.

ఆ సాయంత్రమే నీలి వలయం మళ్లీ మ్యాప్ మీదికి వచ్చింది. ఇప్పుడు ఎవరైనా దారి అడిగితే శశికిరణ్, "తెలియదండీ, ఆ కిళ్లీకొట్లో అడుగుదాం రండి," అంటాడు.

తెలియదని ఒప్పుకుంటే పదిమంది కలిసి వెతుకుతారు. తెలిసినట్టు నటిస్తే మనల్ని నమ్మినవాళ్లు తప్పుచోట నిలబడిపోతారు.