జానెడు తెచ్చిన వేపపుల్ల

ఒకప్పుడు కుక్కలు పుల్లల్ని లెక్కచేసేవి కావు. దారిలో పుల్ల పడి ఉంటే దాటుకుని పోయేవి.

ఆ రోజుల్లో జంతువులకు పళ్లు కొండతాత చేసిచ్చేవాడు. పలుగురాళ్లు తెల్లగా చెక్కి పంచేవాడు. తోడేలు వచ్చి నలభై రెండు పట్టుకెళ్లింది. దాని వెనకే జానెడు వచ్చింది. జానెడంత ఎత్తే ఉండే కుక్క అది, అందుకే ఆ పేరు.

"నీకు ఇరవై చాలు," అన్నాడు కొండతాత.

"తోడేలు మామకు ఎన్నో నాకూ అన్నే."

"నీ నోరెంత? ఇరుకైపోతాయిరా."

"సర్దుకుంటాయిలే తాతా."

సర్దుకోలేదు. ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. సందుల్లో మెతుకులు ఇరుక్కున్నాయి. జానెడు ఉండేది గవరమ్మ ఇంట్లో. "ముందు నీ వాసన వస్తుంది, తర్వాత నువ్వొస్తావు," అని పెరట్లో మేక ఎగతాళి చేసేది.

చిగుళ్లు వాచాయి. జానెడు తిండి మానేసింది. మూడోరోజు గవరమ్మ అన్నం గిన్నె దగ్గరికి జరిపితే, నొప్పితో పళ్లన్నీ బయటపెట్టింది.

గవరమ్మ మొగుడి పేరు సన్యాసి. అతను అది చూశాడు. "కరవడానికొస్తోంది. రేపు అడవిలో వదిలేసొస్తాను."

"ఆగవయ్యా. కరిచేది కళ్లలో నీళ్లు పెట్టుకుంటుందా?" అంది గవరమ్మ.

వెళ్లి వేపచెట్టును ఒక పుల్ల అడిగింది.

"నా పుల్ల చేదమ్మా. మీ ఆయనే మొహం ముడుస్తాడు, కుక్క ఓర్చుకుంటుందా?"

"ఇచ్చి చూడు."

పుల్ల చివర నమిలి మెత్తటి కుచ్చు చేసింది. జానెడును ఒళ్లో పెట్టుకుంది. నలభై రెండు పళ్ల మధ్యకి వేలు పోనిచ్చింది. కుచ్చుతో మెల్లగా తోమింది.

చేదు. పైగా నొప్పి. చిగుళ్లలోంచి రక్తం వచ్చింది. జానెడు ఒళ్లంతా వణికింది. నోరు మాత్రం మూయలేదు. మూస్తే ఆ వేలు తెగుతుందని దానికి తెలుసు.

మేక నమలడం ఆపి చూసింది. "ఇంత గుండె నాకు లేదు," అంది మెల్లగా.

"ఎన్ని పుల్లలు కావాలన్నా కోసుకో," అంది వేపచెట్టు.

మర్నాడు సన్యాసి తాడు పట్టుకొచ్చేసరికి జానెడు గిన్నెలో గంజి నాకుతోంది. అతను తాడు చూరులో దోపేశాడు.

ఆపైన రోజూ పొద్దున్నే తోమేది గవరమ్మ. ఒకరోజు పనిలో పడి మరిచిపోయింది. జానెడు చూసింది, చూసింది. చెట్టు కింద పడ్డ పుల్లను నోట కరుచుకొచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టింది. నోరు తెరిచి కూర్చుంది.

"నాకే గుర్తుచేస్తున్నావూ," అని గవరమ్మ పుల్ల కడిగింది.

అప్పటినుంచే కుక్కకు పుల్ల కనబడితే వదలదు. తెచ్చి మన కాళ్ల దగ్గర పెట్టి నోరు తెరుస్తుంది. మనం ఆటనుకుని దూరంగా విసిరేస్తాం. అది పరుగెత్తుకెళ్లి మళ్లీ తెస్తుంది, "ఆట కాదమ్మా, పళ్లు," అని.