వాగులో దిగిన ఓబులమ్మ

అనగనగా, కొండకీ వాగుకీ మధ్య ఇరుక్కున్నట్టుండే ఒక చిన్న ఊళ్ళో ఓబులమ్మ అని ఒకావిడ ఉండేది. ఇటు తిరుగు బుజ్జమ్మా, దుప్పటి కప్పుతాను. ఆఁ, ఓబులమ్మ. మహా పిరికిది. ఉరిమితే చెవులు మూసుకునేది. నలుగురు మగవాళ్ళు నిలబడి మాట్లాడుకుంటుంటే ఆ సందులోంచి రాకుండా చుట్టు తిరిగి ఇంటికొచ్చేది.

వాళ్ళ నట్టింట్లో ఒక కొయ్య స్తంభం ఉండేది. దానికి పసుపు రాసి, నామం పెట్టి, నరసింహస్వామి అందులోనే ఉన్నాడనుకునేది. పసివాడు పిలిస్తే స్తంభం చీల్చుకుని వచ్చిన దేవుడు కదా! పొద్దున్నే దీపం పెట్టి, కష్టం సుఖం ఆయనతోనే చెప్పుకునేది.

ఒక వానాకాలం ఆ ఊరికి గంగిరెద్దుల గంగులు వచ్చాడు. వెంట పెళ్ళాం పోలమ్మ, ఆమె చంకలో చంటిపిల్ల, రంగురంగుల బట్టలు కప్పిన ఎద్దు. ఊరి చివర గుడారం వేసుకున్నారు. అప్పుడు వానలు పట్టుకున్నాయి. వాగు పొంగింది. పాపం, దాటిపోలేక అక్కడే చిక్కుబడ్డారు.

ఆ తర్వాత ఊళ్ళో గొడ్లకి గాలికుంటు వచ్చింది. నోటివెంట చొంగ, గిట్టల మధ్య పుండ్లు. గడ్డి ముట్టవు. ముందు ఊరిపెద్ద సుంకన్న ఎడ్లు పడ్డాయి.

"ఆ గంగిరెద్దే తెచ్చింది ఈ రోగం. వాళ్ళని వాగు దాటిస్తేగానీ మన గొడ్లు లేవవు" అన్నాడు సుంకన్న. ఊరంతా అవునంటే అవునంది.

ఆ మాట ఓబులమ్మ చెవిన పడింది. అంత వాగు! చంటిపిల్లతో ఎట్లా దాటుతారు? పరుగున వచ్చి స్తంభం ముందు కూర్చుంది. "స్వామీ, ఆ సుంకన్నకి ఎదురుచెప్పే మనిషిని ఎవరినన్నా పంపు" అంది. ఎవరూ రాలేదు.

మర్నాడు ఇంకొన్ని గొడ్లు పడ్డాయి. ఓబులమ్మ వాళ్ళ బర్రె కూడా పడింది. ఊరివాళ్ళు వెళ్ళి గంగులు గుడారం పీకేశారు. అప్పుడు ఓబులమ్మ, "పోనీ స్వామీ, మా ఆయన్నన్నా పంపు" అంది. ఆయన పేరు మద్దిలేటి. "ఊరంతా ఒక మాట మీదుంటే మనకెందుకే?" అని తలగుడ్డ చుట్టుకుని చేనికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి పొద్దున మగవాళ్ళు కర్రలు పట్టుకుని గంగుల్నీ పోలమ్మనీ ఎద్దునీ వాగు వైపు తోలుకుపోయారు. చంటిపిల్ల గుక్కపెట్టిన ఏడుపు ఓబులమ్మ ఇంట్లోకి వినిపించింది.

"ఒక్క పసివాడి కోసం వచ్చినవాడివి, ఇప్పుడు రావేం స్వామీ?" అని స్తంభానికి నుదురు ఆనించి ఏడ్చింది. అప్పుడు ఆమెకి ఒకటి తోచింది. ఆయన స్తంభంలోంచి రావాల్సిన పనేముంది? గడప దాటి నేను వెళితే చాలదూ? ఎవరినో పంపమంటున్నాను, నేను లేనా?

లేచింది. గడప దాటింది. "నరసింహా, నరసింహా" అనుకుంటూ వెళ్ళింది. జనం మధ్యలోంచి దూరింది. పోలమ్మ చేతిలోంచి పిల్లని అందుకుంది. మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, ఊరి వైపు తిరిగి నిలబడింది.

"వీళ్ళు దిగాలంటే ముందు నేను మునగాలి మామా. రా, నువ్వే తొయ్యి" అంది సుంకన్నతో.

"తప్పుకో ఓబులమ్మా! నీ బర్రె చావాలా?"

"అది చచ్చిపోతుందేమోనని నాకూ ఏడుపొస్తోంది. అయినా దానికోసం ఈ పిల్లని నీళ్ళపాలు చెయ్యలేను. చేస్తే రేపు ఏ మొహం పెట్టుకుని స్వామికి దీపం పెట్టను?"

సుంకన్న కర్ర ఎత్తాడు. ఓబులమ్మ కళ్ళు మూసుకుంది. పిల్లని గుండెకి హత్తుకుంది. కదల్లేదు. నీళ్ళు నడుము దాకా ఎక్కాయి. కదల్లేదు.

అప్పుడు ముసలి అత్తగారు తిమ్మక్క తడుముకుంటూ నీళ్ళలోకి దిగి కోడలి చెయ్యి పట్టుకుంది. "ఒరే సుంకన్నా, ఇద్దరినీ కలిపి కొట్టరా" అంది. ఆ తర్వాత పక్కింటి ఆడవాళ్ళు దిగారు. ఆ తర్వాత చేని నుంచి పరుగెత్తుకొచ్చిన మద్దిలేటి, తల వంచుకుని పెళ్ళాం పక్కన నిలబడ్డాడు.

సుంకన్న చెయ్యి కిందికి దిగింది. కర్ర జారి వాగులో కొట్టుకుపోయింది. "పైకి రండమ్మా, పిల్ల తడుస్తోంది" అన్నాడు చిన్నగా.

వాగు తగ్గేదాకా గంగులు వాళ్ళు ఓబులమ్మ పంచలోనే ఉన్నారు. ఈలోగా కబురు తెలిసింది. ఎగువ ఊళ్ళలో గాలికుంటు అంతకు ముందే ఉందట. అక్కడికి గంగిరెద్దు వెళ్ళనే లేదట. ఊళ్ళో కొన్ని గొడ్లు లేచాయి, కొన్ని పోయాయి. ఓబులమ్మ బర్రె కూడా పోయింది తల్లీ. దాని మెడ పట్టుకుని చాలా ఏడ్చింది. కానీ వాగులో దిగినందుకు మాత్రం ఒక్కనాడూ బాధపడలేదు.

గంగులు వాళ్ళు బయల్దేరిన రోజు సుంకన్న వచ్చాడు. "తప్పు చేశాను గంగులూ" అన్నాడు. చంటిపిల్లని తన భుజాన ఎక్కించుకుని, తానే వాగు దాటించి దిగబెట్టాడు.

గట్టు మీద నిలబడి చూస్తూ తిమ్మక్క అడిగింది: "పిల్లి అరిస్తే ఉలిక్కిపడతావు. అంత ధైర్యం ఎక్కడిదే నీకు?"

"నాది కాదత్తా, స్వామిని అడిగి తెచ్చుకున్నా" అంది ఓబులమ్మ.

కథ కదిలి కంచికి పోయె,
వాగు కదిలి సంద్రానికి పోయె,
భయం కదిలి బయటికి పోయె,
బుజ్జమ్మ కన్ను నిద్దరకి పోయె,
స్వామి మాత్రం మనింటనే ఉండె.