ఈరమ్మ అడిగిన నీళ్లు

చెప్పి చెప్పి ప్రసూనకు విసుగొచ్చింది.

ఆదోని మార్కెట్ వీధిలో వాహెద్ సాబు మందుల షాపు. సాబు ఆ షాపులోనే ముసలివాడయ్యాడు. ప్రసూన ఫార్మసీ చదువు ముగించి ఆయన దగ్గర చేరింది. ఉద్యోగం కోసమే చేరింది గానీ, మందుకొచ్చినవాళ్లతో సాబు మాట్లాడే తీరు చూసి శిష్యురాలైపోయింది.

ఆమె విసుగంతా ఈరమ్మ మీద. ఈరమ్మ షాపుకు ఎదురుగా గంప ముందేసుకుని ఆకుకూరలు అమ్మే ముసలామె. షుగరు ముదిరింది. కాలి బొటనవేలికి పుండు పడి మానడం లేదు. ఇట్లాగే ఉంటే వేలు తీసేయాలని, వేలితో ఆగుతుందని కూడా చెప్పలేనని డాక్టరు అనేశాడు. అయినా బిళ్లలు వేసుకోదు. నెలకని ఇచ్చిన మందు నెల దాటినా చాలావరకు మిగిలే ఉంటుంది.

ప్రసూన చేయని ప్రయత్నం లేదు. కవరు మీద సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ గీసిచ్చింది. ఈరమ్మ ఫోనులో వేళకు గంట మోగేట్టు పెట్టింది. పుండు ఎందుకు మానదో విడమరిచి చెప్పింది. ఓపిక నశించి ఒకరోజు కసిరింది కూడా. అన్నిటికీ ఈరమ్మ ఒకటే మాట, ఏసుకుంటాలే తల్లీ అని. ఫోను గంట మోగితే నొక్కేసి మళ్లీ బేరంలో పడేది.

ఒక సాయంత్రం ప్రసూన సాబు ముందు కూలబడింది. వినే మనిషికైతే చెప్పొచ్చు, గోడకు ఎన్నాళ్లు చెప్పాలి, ఇక తన వల్ల కాదంది. సాబు మోకాళ్లు రుద్దుకుంటూ విన్నాడు. ఆయనకు ఇలాంటి సాయంత్రాలు కొత్త కాదు. ఆ మొహంలో అలసట చూసి, ఈయన కూడా ఆశ వదులుకున్నాడేమో అనుకుంది ప్రసూన.

"రేపు కౌంటర్ దగ్గరికి రావద్దు బేటీ," అన్నాడు సాబు. "ఈరమ్మ పక్కన కూర్చో. ఆమె లేచేదాకా నువ్వూ లేవొద్దు. మందు మాట ఎత్తొద్దు."

ఇదేం శిక్షో ప్రసూనకు అర్థం కాలేదు. ఫార్మసీ చదివి గోంగూర అమ్మాలా అని ఉక్రోషం కూడా వచ్చింది. కానీ సాబు మాట కాదనలేదు. మర్నాడు పొద్దున టిఫిను చేసి, టీ తాగి, పెద్ద నీళ్ల సీసా చంకన పెట్టుకుని వెళ్లి ఈరమ్మ గోనెపట్టా మీద కూర్చుంది.

ఈరమ్మ వింతగా చూసి, కాస్త జరిగి చోటిచ్చింది. జనం వస్తున్నారు, పోతున్నారు. ఎండ నెత్తికెక్కుతోంది. ప్రసూన సీసా చాలావరకు ఖాళీ చేసింది. తాగమని ఇస్తే ఈరమ్మ పెదాలు మాత్రం తడుపుకుని తిరిగి ఇచ్చేసింది. గంపలో ఆకులు వాడకుండా వాటి మీద చెంబుతో నీళ్లు చిలకరిస్తూనే ఉంది, తను మాత్రం గుక్క మింగలేదు.

మధ్యాహ్నం కాకముందే ప్రసూనకు కష్టమైంది. లేవొద్దన్నాడు కదా అని బిగబట్టుకుంది. ఇక తన వల్ల కాక లేచింది.

"యాడికి తల్లీ?" అంది ఈరమ్మ.

"బాత్రూంకి అవ్వా. షాపు వెనక ఉంది కదా. ఇప్పుడే వస్తా."

ఈరమ్మ తోటకూర కట్టలు సర్దుతూ తలెత్తలేదు. "పోయి రా తల్లీ. నీకు పోయేదానికి చోటుండాది."

ప్రసూన అక్కడే నిలబడిపోయింది.

ఆమె వెళ్లొచ్చి కూర్చున్నాక అడక్కుండానే చెప్పుకొచ్చింది ఈరమ్మ. గొంతులో కోపం లేదు, కూర ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ బిళ్ల వేసుకున్న రోజు కడుపు చెడుతుంది. ఉన్నపళాన పరుగెత్తాలి. ఈ వీధిలో ఆడమనిషికి మరుగు లేదు, ఇల్లేమో ఊరి చివర. ఒకసారి అలాగే వేసుకొచ్చి, ఇల్లు చేరేలోపే చీర పాడు చేసుకుంది. దారిలో జనం చూశారు. అప్పట్నుంచి మార్కెట్ లేని రోజునే వేసుకుంటోంది. గంప ముందు కూర్చున్నంతసేపు నీళ్లు కూడా ముట్టదు.

"ఎట్ల జెప్పేది తల్లీ. సాబేమో మగోడు, నువ్వేమో సదువుకున్న పిల్లవి. సిగ్గయితాది."

ప్రసూనకు ఏడుపొచ్చింది. ఇన్ని నెలలూ మాట్లాడింది తనే.

పొద్దుగూకి ఈరమ్మ లేచాకే ఆమె షాపుకొచ్చింది. సాబు తలెత్తి చూశాడు. ప్రసూన డాక్టరుకు ఫోను చేసి ఆ బిళ్ల ఈరమ్మ కడుపుకు పడడం లేదని చెప్పింది. ఆయన మెల్లగా కరిగే రకం రాస్తానన్నాడు. కడుపు నిండా తిన్నాక వేసుకోవాలని, అయినా మొదట్లో కొన్నాళ్లు ఇబ్బంది పెట్టొచ్చని అన్నాడు.

ఫోను పెట్టేసి ఆమె సాబు వైపు తిరిగింది. "ఇది మీకు ముందే తెలుసా సాబ్?"

"తెలీదు బేటీ," అన్నాడు సాబు అలసటగా. "నేను ఎన్నేళ్లు పక్కన కూర్చున్నా నాకు చెప్పదు."

మర్నాడు మధ్యాహ్నం, ఈరమ్మ జొన్నరొట్టె తిన్నాక ఆమెను షాపుకు పిలిచింది ప్రసూన. కొత్త బిళ్లలు కౌంటర్ మీద పెట్టింది. అలవాటుగా ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది. వెనక్కి తిరిగి, సాబు కుర్చీ వెనక మేకుకు వేలాడుతున్న, బాత్రూంకు పోయే వెనక తలుపు తాళంచెవి తీసి బిళ్లల పక్కన పెట్టింది.

"నీ దగ్గరే ఉంచుకో అవ్వా. మా దగ్గర ఇంకోటి ఉంది. నువ్వొచ్చేదాకా గంప నేను చూస్తుంటా."

ఈరమ్మ తాళంచెవిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. సాబు వంక చూసింది. సాబు కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆమె తాళంచెవిని కొంగున ముడేసుకుని, పుండు పడిన కాలు చాపుకుని బల్ల మీద కూర్చుంది.

"ఒక గలాసు నీళ్లియ్యి తల్లీ," అంది. "నిండా పొయ్యి."