రాజుతో దాలమ్మ చదరంగం

ఈ కథ మీ తాత చెప్పేవోడు, ఇప్పుడిక నేనే చెప్పాలి, ఇనమ్మా. ఒక రాజుకి చదరంగం పిచ్చి. ఆయన దగ్గర ఓడిపోతే గేదెని తోలుకుపోతాడు. గెలిస్తే, రాజునే ఓడిస్తావా అని కొరడాతో కొట్టిస్తాడు. ఓనాడు బుట్టలల్లే దాలమ్మ వంతొచ్చింది. పాపం, ఉన్నది ఒకటే గేదె.

మొదటి ఎత్తుకే దాలమ్మ ఏనుగుని పట్టుకుంది.

"ఓసి పిచ్చిదానా, ముందు బంటుని కదపాలే!" అన్నాడు రాజు.

"అట్టాగే దొరా," అని కదిపింది. ఇక ప్రతిసారీ తప్పు పావే పట్టుకునేది, రాజు ఉండబట్టలేక సరైన ఎత్తు చెప్పేవోడు. అట్టా చెప్పీ చెప్పీ చివరికి తన ఆటే కట్టయిపోయింది.

"కొరడా తెండ్రా!" అని అరిచాడు.

"ఎవరికి దొరా? రెండేపులా ఆడింది తమరేగా. గెలిచిందీ తమరే, ఓడిందీ తమరే."

కొరడా వోడు రాజు ఈపుకేసి చూశాడు.

"నేను గెలవలేదురా, ఓడిపోయానంతే!" అని రాజు గబగబా పోయి, తన గేదెని తనే తోలుకొచ్చి తన కొట్టంలోనే కట్టేసుకున్నాడు.