కనుమ దాటాల్సిన సైకిలు

మాబున్ని సైకిలు తయారవడం లేదు.

పని సాగక కాదు. సాగుతూనే ఉంది, అదే ఆమె బాధ. ఒక పని అయిపోయిందని చేతులు కడుక్కునేలోగా ఇంకో పని వచ్చి గడప ముందు కూర్చుంటోంది. గోళ్ల సందున గ్రీజు నల్లగా ఇంకిపోయింది. నమాజుకు ముందు ఎంత తోమినా వదలదు. ఇదివరకు చిరాకు పడేది. ఇప్పుడు దానికీ ఓపిక లేదు.

నల్లమల అంచున, ఊరు అయిపోయి అడవి మొదలయ్యే చోట లాలప్ప తాత తకియా ఉంది. తకియా అంటే ఫకీరు కూర్చునే చోటు. రెండు రాతి గదులు, ముందొక పందిరి, అంతే. కష్టం చెప్పుకోవడానికి అన్ని మతాలవాళ్లూ అక్కడికి వస్తారు. తాత వింటాడు. ఎక్కువసార్లు ఏమీ అనడు. అయినా వచ్చినవాళ్లు తేలికపడి పోతారు.

అక్కడ ఒక పాత నియమం ఉంది. తాత పక్కన కూర్చుని జనం కష్టం వినాలనుకునే శిష్యులు ముందు ఒక ప్రయాణం చేసి రావాలి. కనుమ దాటి, అడవి దాటి, అవతలి వైపున్న తాతగారి గురువు దర్గాకు ఒంటరిగా సైకిలు మీద పోయి రావాలి. ఆ సైకిలు కొన్నది కాకూడదు. పాత సామాన్ల అంగట్లో దొరికే తుక్కుతో సొంత చేతులతో కట్టుకున్నది కావాలి. కొత్త సైకిలు కొనుక్కోగలిగినవాళ్లే తాత దగ్గర కూర్చోవాలంటే ఈ పందిరి కింద ఎవరూ మిగలరు. నియమం అందుకే పుట్టిందని కొందరంటారు. తాతను అడిగితే, మా పీరు, మా గురువు అట్ల చెప్పినాడు, నేనట్ల చేసినా అంటాడు.

వానలు మొదలైతే వంకలు పొంగి దారి మూసుకుపోతుంది. పోయిన వేసవి మాబున్నికి అలాగే జారిపోయింది. ఈ వేసవీ చివరికొచ్చింది. సాయంత్రాలు కొండ మీద మబ్బు కనిపిస్తోంది. ఈసారి పోలేకపోతే కర్నూలు వెళ్లిపోయి, వాళ్ల నాయన చూసిపెట్టిన లెక్చరర్ ఉద్యోగంలో చేరిపోదామని ఆమె మనసులో అనేసుకుంది. కోపంలో అనుకున్నదైతే రెండు రోజుల్లో మరిచిపోయేది. ఇది అలసిపోయి అనుకున్నది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

నిజానికి మొదట కట్టిన సైకిలు మంచిదే. పాత ఉక్కు ఫ్రేము, ఎవరో పిల్లవాడు వదిలేసిన గేరు సైకిలు చక్రాలు, బురదను పట్టుకునే వెడల్పు టైర్లు. ముందు పళ్ల చక్రం చిన్నది, వెనకది పెద్దది. ఎత్తు ఎక్కేటప్పుడు మోకాళ్లు ఏడవకుండా ఆమె ఏరి ఏరి పెట్టింది. మంచం ఇనుమును వంచి వెనక క్యారియర్ వెల్డింగ్ చేయించింది. అంతటితో ఎక్కి పోయుంటే పోయిన వేసవిలోనే పోయేది.

పోలేదు. దాన్ని తొక్కుకుంటూ ఓబులేసు టీ అంగడికి పోయింది. అక్కడ ప్రశ్నలు మొదలయ్యాయి.

కాలేజీలో మాబున్ని వాదానికి నిలబడితే ఎదుటివాళ్లు నీళ్లు నమిలేవాళ్లు. ఆమె కిటుకు ఒక్కటే. వాళ్లు ఏం అడుగుతారో ముందే ఊహించి, వాళ్ల నోరు తెరుచుకోకముందే జవాబు బల్ల మీద పెట్టేయడం. అడగడానికి ఏమీ మిగలకుండా చేస్తే గెలిచినట్టే. సైకిలునూ అలాగే కట్టడం మొదలుపెట్టింది. ఇంత బరువుతో యాడ నిలబెడతావని ఒకరంటే, మర్నాటికి రెండు కాళ్ల పెద్ద స్టాండు. చీకటి పడితే ఎట్లని ఇంకొకరంటే డైనమో, దానికో పెద్ద దీపం. వాన వస్తే అంటే రేకు మడ్‌గార్డులు. ఎలుగుబంటి వస్తే అని కూడా ఒకాయన అడిగాడు. దానికి ముందు కడ్డీకి ఒక ఇనుప గొట్టం వేలాడుతోంది.

ఆ మధ్యాహ్నం ఆఖరి మర బిగించి, సైకిలును నెట్టుకుంటూ పందిరి కిందికి తెచ్చింది. నెట్టడానికే చెమటలు పట్టాయి. తాత చాప మీద కూర్చుని శనగలు ఏరుతున్నాడు.

“ఇంక అడుగు తాతా,” అంది. “దీని మీద ఎవురు ఏం అడిగినా జవాబు ఉంది.”

గొంతులో గర్వం ఉండాల్సిన చోట నిద్ర ఉంది. అది ఆమెకే వినిపించింది.

తాత లేచి సైకిలు చుట్టూ తిరిగాడు. వెనక చక్రం ఎత్తబోయి మానుకున్నాడు. దీపం మీద చెయ్యి పెట్టాడు.

“ఇదెవురిది?”

పాత సామాన్ల అంగట్లోదని మాబున్ని చెప్పింది.

“సామాను కాదు బిడ్డా. అడిగిందెవురు?”

పాలు పోసే సుంకన్న అని చెప్పింది. తాత తల ఊపి పానా తెమ్మన్నాడు. మరలు తనే ఆగి ఆగి విప్పాడు. దీపం, డైనమో సంచిలో వేసుకుని, పదమన్నాడు. సైకిలునూ నెట్టుకు రమ్మన్నాడు.

ఎండ ఇంకా దిగలేదు. సుంకన్న ఇంటి ముందు గేదెకు నీళ్లు పోస్తున్నాడు. తాత సంచిలోంచి దీపం తీసి అతని చేతిలో పెట్టాడు.

“చీకట్లో ఎట్లని అడిగినావంట. ఇదిగో, నీ ప్రశ్న. పెట్టుకో.”

సుంకన్న దీపాన్ని, ఫకీరును, మాబున్నిని మార్చి మార్చి చూశాడు. “ఏదో మాటవరసకు అంటి సామీ. రాత్రిపూట అడివిలో సైకిలు ఎవురు తొక్కుతారు, పండుకోక.”

ఆ తీగలు చుట్టడానికి పోయిన రోజులన్నీ మాబున్ని కళ్ల ముందు తిరిగాయి. అతని మీదికి ఒక మాట నోటిదాకా వచ్చింది. అనడానికి ఓపిక చాలక మింగేసింది.

ఓబులేసు అంగటి దగ్గర ఇంకా అన్యాయం జరిగింది. స్టాండు గురించి తను అడిగినట్టే అతనికి గుర్తులేదు. అడిగినావని ఆమె నొక్కి చెబితే, అడిగుంటాలే, రోజూ వంద మందిని వంద అడుగుతా ఉంటా, లేకపోతే టీ ఎట్ల అమ్ముడుపోతాది పాపా అన్నాడు. స్టాండును అటూ ఇటూ తిప్పి చూసి, కాలు విరిగిన బల్లకు పనికొస్తుందని లోపలికి పట్టుకుపోయాడు. మడ్‌గార్డులు, ఇనుప గొట్టం కూడా అక్కడే ఎవరివి వాళ్లకు ముట్టాయి. ఎలుగుబంటి పెద్దమనిషి మాత్రం గొట్టాన్ని సంతోషంగా తీసుకున్నాడు. అతనికి కుక్కల బెడద ఉందట.

ఆఖరుకు బషీరు దగ్గరికి పోయారు. బషీరు ఆమెకంటే ముందు శిష్యుడు, కనుమ దాటి వచ్చినవాడు. తకియా వెనక కట్టెలు కొడుతున్నాడు. దారిలో ముళ్లు గుచ్చుకుంటే ఎట్లని అడిగింది అతనే. ఆ ప్రశ్నకు జవాబుగా మాబున్ని పాత టైర్లను కోసి, టైర్ల లోపల ఇంకో వరస అమర్చింది. చక్రాలు తిరగలి రాళ్లయింది అందువల్లే.

“నేను ఊరికే అడగలేదు తాతా,” అన్నాడు బషీరు. “ముళ్లుంటాయి.”

“నీకు గుచ్చుకున్యాయా?”

“గుచ్చుకున్యాయి.”

“ఏం చేసినావు?”

బషీరు గొడ్డలి దించాడు. “కూచుని ప్యాచీ వేసుకుంటి. మళ్లా గుచ్చుకుంటే మళ్లా వేసుకుంటి. ప్యాచీలు అయిపోయినంక నడుస్తి.” మాబున్ని వైపు చూశాడు. “నడిచింది నీకెప్పుడూ చెప్పలేదు గదా, పాపా. తొక్కింది మాత్రం చెప్పినా.”

ఆమెకు నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చింది. ఇద్దరూ కూర్చుని టైర్ల లోపలి వరస పీకేశారు. దాన్ని బషీరు ఉంచుకున్నాడు. లోపలికి పోయి తన గాలి పంపు, ప్యాచీల డబ్బా తెచ్చి ఆమె ఒడిలో పడేశాడు.

పొద్దు వాలేసరికి పందిరి కిందికి తిరిగి వచ్చారు. సైకిలు మొదట కట్టినప్పటి ఒంటితో నిలబడి ఉంది. తాత ఈసారి వెనక చక్రం ఎత్తాడు, లేచింది. హ్యాండిల్ దాకా వచ్చి ఆగాడు. ఎడమ చేతి పక్కన చిన్న ఇత్తడి గంట. మర కొంచెం వదులుగా ఉంది.

“ఇదెవురిది?”

మాబున్ని గంట మీద చెయ్యి పెట్టింది. అడవిలో గంట కొట్టి ఎవరిని పక్కకు తప్పుకోమంటావని ఊళ్లో కనీసం ఒక్కరైనా వెక్కిరించి ఉండాల్సింది. విచిత్రంగా దాన్ని ఎవరూ చూడలేదు.

“ఎవురూ అడగలేదు తాతా,” అంది. “నేనే పెట్టుకుంటి.”

తాత దాని మర విప్పడానికి పానా తీశాడు.

“కనుమలో పడిపోయి లేవలేకపోతే ఎట్ల అని. మనిషన్నవాడికి వినపడేదేమైనా ఒకటి ఉండల్ల గదా అని.” “గంట యాడికి వినపడుతాది తాతా, అంత అడివిలో?”

ఈ మాట ఆమె ఏ వేదిక మీదా అనలేదు. బషీరుతో అనలేదు, నాయనతో అనలేదు. అనేసినాక అలాగే నేల మీద కూర్చుండిపోయింది. కొండ మీద మబ్బు కదలకుండా ఉంది. తకియా వెనక బషీరు మళ్లీ కట్టెలు కొడుతున్న చప్పుడు.

తాత ఆమె పక్కన కూర్చున్నాడు, మోకాళ్లు పట్టుకుని, మెల్లగా. విప్పడానికి తీసిన పానా చేతిలోనే ఉంది. దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

“దీనికి జవాబు నా దగ్గరా లేదు బిడ్డా,” అన్నాడు. “గట్టిగా బిగించుకో. పొద్దున్నే పోవల్ల గదా.”