తలుపు లేని ఆట

ఎప్పుడో, మీ తాతల తాతలు కూడా పుట్టకముందు, మణిశిల అనే రాజ్యాన్ని చంద్రకీర్తి అనే రాజు ఏలుతుండేవాడు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకీర్తి, రెండోవాడు సత్యకీర్తి, చిన్నవాడు సోమకీర్తి.

ఒకరోజు కరాళకేతు అనే మాంత్రికుడు నిండు సభలోకి నిలువెత్తు అద్దం ఒకటి మోయించుకొచ్చాడు. అందులో చూసినవాడికి తన మొహం కనపడదు. కొండలు, అడవులు, సముద్రాలు కనపడతాయి.

"ఇది వేషాల ఆట మహారాజా," అన్నాడు మాంత్రికుడు. "లోపలికి వెళ్ళేవాడు మూడు వేషాల్లో ఒకటి ఎంచుకోవాలి. కత్తి పట్టే వీరుడు, మంత్రం వేసే సిద్ధుడు, మందు వేసే వైద్యుడు. ఏడు సముద్రాలు దాటి, చివరి దీవిలో బురుజు మీదున్న చిలుకను తెస్తే గెలిచినట్టు. లోపల చచ్చినా భయం లేదు. మళ్ళీ మొదటి గట్టున లేస్తారు."

చచ్చిన ప్రతిసారీ కొన్ని జ్ఞాపకాలు పోతాయని మాత్రం వాడు చెప్పలేదు.

జయకీర్తి కత్తి పట్టి వెళ్ళాడు. నెల గడిచినా రాలేదు. అన్నను వెతకడానికి సత్యకీర్తి మంత్రం నేర్చి వెళ్ళాడు. ఇంకో నెల గడిచింది. అతనూ రాలేదు. రాణి అద్దం ముందే కూర్చుండిపోయింది.

"నేను వెళ్తానమ్మా," అన్నాడు సోమకీర్తి.

"ఇద్దర్ని మింగింది చాలదా నాయనా?"

"వాళ్ళు లోపలే ఉన్నారు కదమ్మా. ఎవరో ఒకరు వెళ్ళాలి."

అన్నలకు ఏ దెబ్బలు తగిలాయోనని, అతను వైద్యుడి వేషం ఎంచుకున్నాడు.

లోపల అడుగు పెట్టగానే ముళ్ళపొదలోంచి పాము కాటేసింది. సోమకీర్తి చచ్చిపోయి, మొదటి గట్టున లేచాడు. తన గుర్రం పేరు గుర్తు రాలేదు. ఎంత తలుచుకున్నా రాలేదు. అప్పుడర్థమైంది అతనికి ఆ ఆట సంగతి.

ఈసారి నెమ్మదిగా, ముల్లు ముల్లూ చూసుకుంటూ నడిచాడు. లోయ మీద చెక్కవంతెన వచ్చింది. వంతెన పక్కన జయకీర్తి నిలబడి ఉన్నాడు. సోమకీర్తి పరుగెత్తి వెళ్ళి కావలించుకున్నాడు.

"మూడో పలక మీద కాలు పెట్టకు," అన్నాడు జయకీర్తి, ఎటో చూస్తూ.

"అన్నయ్యా, నేను. సోమూని."

"మూడో పలక మీద కాలు పెట్టకు."

సోమకీర్తి ఇంటి సంగతులు చెప్పాడు. అమ్మ సంగతి చెప్పాడు. పొద్దు వాలేదాకా కూర్చుని చెప్పాడు. అన్నకు ఉన్నది ఆ ఒక్క మాటే. చచ్చి చచ్చి అన్నీ పోగొట్టుకోగా, ఆఖరిసారి తనను చంపిందేదో అది మాత్రం మిగిలింది. సోమకీర్తి అన్న కాళ్ళకు మొక్కి, మూడో పలకను దాటుకుని అవతలికి వెళ్ళాడు.

అవతల అగ్గి అడవి. దాని అంచున సత్యకీర్తి నిలబడి ఉన్నాడు. "గాలి ఆగినప్పుడు నడువు," అన్నాడు. ఎన్ని అడిగినా, "గాలి ఆగినప్పుడు నడువు." సోమకీర్తి గాలి ఆగినప్పుడు నడిచాడు. వెనక్కి తిరిగి చూడడానికి అతనికి ధైర్యం చాలలేదు.

మొదటి సముద్రం ఒడ్డున పెంకు పగిలిన తాబేలు ఒకటి పడుంది. "నువ్వూ కొట్టు," అంది. "కత్తి పట్టుకొచ్చిన ప్రతివాడూ కొట్టాడు. ఎన్ని జీవాల్ని చంపితే అంత బలం వస్తుందట. దారి చెప్పడానికి ఎవరూ మిగలరని ఒక్కడికీ తోచలేదు."

సోమకీర్తి మూడు రోజులు మందు వేసి పెంకు అతికించాడు. తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

చివరి దీవిలో బురుజు ఉంది గానీ దానికి తలుపు లేదు. మూడుసార్లు చుట్టూ తిరిగాడు. ఎక్కడా సందు లేదు. ఎక్కబోయాడు. సగం దాకా ఎక్కి జారిపడి చచ్చిపోయాడు.

మొదటి గట్టున లేచేసరికి అమ్మ పాడిన జోలపాట పోయింది. మళ్ళీ ముళ్ళు, మళ్ళీ వంతెన, మళ్ళీ అగ్గి, మళ్ళీ తాబేలు. మళ్ళీ పడ్డాడు. నాన్న మొహం పోయింది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ పడ్డాడు. అప్పుడు తన పేరే పోయింది.

"మళ్ళీ వచ్చావా నాయనా?" అంది తాబేలు.

"నేను ఇంతకుముందు వచ్చానా?" అన్నాడతను.

తాబేలు అతన్ని వీపు ఎక్కించుకుంది.

ఈసారి అతను ఎక్కలేదు. గోడకు చేరగిలబడి ఊరికే కూర్చున్నాడు. పైనుంచి, కిటికీలోంచి ఒక అమ్మాయి గొంతు వినబడింది.

"ఇంక ఎక్కొద్దు. ఇంకోసారి పడితే నువ్వూ ఒక్క మాటతో నిలబడిపోతావు."

"నువ్వెవరు?"

"హేమలేఖను. ఈ ఆట గీసింది నేనే. మాంత్రికుడు నన్నిక్కడ బంధించి గీయించాడు."

"తలుపు ఎక్కడ గీశావు?"

"గీశాను. నువ్వు మొదటిసారి ఏడో సముద్రం దాటుతుంటే చూసి వాడు చెరిపెయ్యమన్నాడు. లేకపోతే చేతులు నరుకుతానన్నాడు. ఆట కష్టంగా ఉండొచ్చు, ఆడేవాడు ఏడవొచ్చు. దారి లేకుండా మాత్రం గీయకూడదు. అది తెలిసే చెరిపాను."

అతనికి కోపం రాలేదు. "నేనెందుకొచ్చానో నీకు తెలుసా?" అని అడిగాడు.

"మీ అన్నల కోసం."

"నాకు అన్నలున్నారా?" అంటూ అతను రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఎవరి కోసం ఏడుస్తున్నాడో అతనికే తెలీదు.

ఆ ఏడుపు హేమలేఖ వినలేకపోయింది. కుంచెలన్నీ మాంత్రికుడి దగ్గరే ఉన్నాయి. పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసి, మెట్లు దిగి, లోపలి గోడ మీద చిన్న తలుపు గీసింది. పిల్లి దూరేటంత తలుపు. అతను భుజాలు గీసుకుపోతున్నా దూరి లోపలికొచ్చాడు. మాంత్రికుడికి కనపడకుండా ఆమె దానికి కట్టెల మోపు అడ్డం పెట్టింది.

పై గదిలో పంజరం ఉంది. "వాడి ప్రాణం ఆ చిలుకలోనే ఉంది," అంది హేమలేఖ. "ఎగిరిపోకుండా రెక్క విరిచాడు. ఎవరైనా ముట్టుకుంటే నొప్పికి అరుస్తుంది. అరిస్తే వాడు వస్తాడు."

పేరు మరిచినా అతని చేతులు వైద్యం మరవలేదు. నొప్పి తెలియకుండా ముందు పసరు పూసి, ఆ తర్వాత పుల్లలు పెట్టి రెక్కకు కట్టు కట్టాడు. చిలుక అరవలేదు. ఎనిమిది రోజులు అతను పొయ్యి వెనక దాక్కున్నాడు. మాంత్రికుడు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ మెట్ల కిందనుంచే, "ఏం విశేషం?" అని అడిగాడు. మూడుసార్లూ చిలుక, "అంతా క్షేమం," అంది.

తొమ్మిదో రోజు అతను కట్టు విప్పి కిటికీ తెరిచాడు.

"మెడ నులిమితే ఇప్పుడే చస్తాడు కదా," అంది హేమలేఖ.

"ఇంత కష్టపడి బాగుచేసింది అందుకా?" అన్నాడతను.

చిలుక ఏడు సముద్రాల మీదుగా ఎగిరి అద్దం దాటి వెళ్ళిపోయింది. ప్రాణం అద్దం అవతల, ఒళ్ళు అద్దం లోపల. కిటికీ చప్పుడు విని మెట్లెక్కుతున్న మాంత్రికుడు ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోయాడు. "చిలుక ఏది?" అన్నాడు. ఇప్పటికీ అదే అంటున్నాడు.

మంత్రం విడిపోయి అన్నల కాళ్ళు కదిలాయి. హేమలేఖ దారి చూపుతుంటే, తాబేలు వీపు మీద సముద్రాలు దాటొచ్చి, వాళ్ళిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని అతను అద్దంలోంచి బయటికొచ్చాడు. "సోమకీర్తీ," అని రాణి ఎదురొచ్చింది. ఎవర్ని పిలుస్తోందోనని అతను వెనక్కి తిరిగి చూశాడు.

పోయిన జ్ఞాపకాలు తిరిగి రాలేదు. రాణి రోజూ ముగ్గుర్నీ కూర్చోబెట్టుకుని, వాళ్ళు పుట్టిన రోజునుంచీ జరిగిందంతా చెప్పేది. వాళ్ళు ఎవరి కథో విన్నట్టు వినేవాళ్ళు. ఒక్కోరోజు ఆమె మధ్యలో ఆగిపోయేది.

ఏడాది తర్వాత సోమకీర్తి హేమలేఖను పెళ్ళాడతానన్నాడు. "నేను చెరిపిన తలుపు మరిచిపోయావా?" అంది ఆమె.

"గీసిన తలుపులోంచే కదా వచ్చాను," అన్నాడతను.

పెళ్ళి జరిగింది. అన్నలు తమకు రాజ్యం వద్దనడంతో సోమకీర్తే పట్టం కట్టుకుని అరవై ఏళ్ళు ఏలాడు. హేమలేఖ కరాళకేతు అద్దానికి నల్లగుడ్డ కప్పించి, రాజ్యంలోని పిల్లల కోసం కొత్త అద్దంలో వేరే ఆట గీసింది. అందులోనూ పాములున్నాయి, మంటలున్నాయి, ఎక్కలేని గోడలున్నాయి. కానీ ప్రతి గోడకూ వెతికితే ఎక్కడో ఒక తలుపుంది. అందులో ఓడిపోయిన పిల్లలు ఇంటికి పోయి, అన్నం తిని, కావాలంటే మర్నాడు మళ్ళీ రావచ్చు.